నా సంతకం చెల్లని పది రోజులు

సిడ్నీలో దిగేముందు విమానంలో ఇచ్చిన కార్డు మీద మొదటి ప్రశ్నే మందులు, స్టెరాయిడ్లు, తుపాకులు, మత్తుపదార్థాలు లాంటివి తెచ్చారా అని, అన్నీ ఒకే వరుసలో! పోటీలకి వచ్చిన అథ్లెటిక్స్ జట్టు డాక్టర్ని, 'అవును' అని టిక్ పెట్టక తప్పదు. పిల్లలంతా బయటికి వెళ్లిపోయారు, నేనూ నా నీలం బ్యాగూ కస్టమ్స్ బల్ల దగ్గర మిగిలాం.

ఆఫీసర్ నవ్వుతూనే మాట్లాడింది కానీ ఒక్క స్ట్రిప్ కూడా వదలకుండా తీసి నా లిస్టుతో సరిచూసింది. ట్రమడాల్ అనే నొప్పి మందు ఇంటి దగ్గరే వదిలేశాను, 2024 జనవరి నుంచి పోటీ సమయంలో అది నిషిద్ధం కాబట్టి ఆ తలనొప్పి లేదు. మత్తు ఇంజెక్షన్ ఆంప్యూల్స్ పది అని రాశాను, తేలినవి తొమ్మిదే. పదోది దూది కట్ట కింద దొరికేదాకా నాకు నోట మాట రాలేదు.

నాకు అక్కడ లైసెన్స్ లేదు. అయినా పని చేయనిచ్చారంటే, 2000 ఒలింపిక్స్‌కి మూడేళ్ల ముందే, 1997లో, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం వాళ్లు ఇలా బయటినుంచి వచ్చే వైద్య సిబ్బంది కోసం మినహాయింపు చట్టం చేసిపెట్టుకున్నారు. మినహాయింపు కదా అని మురిసిపోతే అంతే సంగతులు. నాకిచ్చిన లేఖ ప్రకారం మా జట్టు వాళ్లకే, ఆ పది రోజులే.

మూడో రోజు మా లాంగ్ జంప్ కుర్రాడికి చెవిలో చీము పట్టింది. బ్యాగులో యాంటీబయాటిక్ చుక్కలు లేవు, చీటీ రాసిచ్చి పంపితే ఫార్మసీలో అమ్మాయి మర్యాదగా వెనక్కి ఇచ్చేసింది, ఇక్కడి డాక్టర్ రాయాలట. ఇరవై ఏళ్లుగా చీటీలు రాస్తున్నవాణ్ని, క్లినిక్‌లో టోకెన్ పట్టుకుని 'పేషెంట్ తాలూకు మనిషి'గా గంటసేపు కూర్చున్నాను. లోపల డాక్టర్ చెవి చూసి, మీరైతే ఏం ఇస్తారని నన్నే అడిగాడు. చెప్పాను. అదే రాశాడు!

అసలు ఇబ్బంది ఏడో రోజు, హోంబుష్ ట్రాక్ పక్కన. వేరే దేశం జట్టు అమ్మాయికి మడమ మెలిక పడింది, వాళ్ల వెంట డాక్టర్ లేడు, కోచ్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఐస్ పెట్టి, క్రేప్ బ్యాండేజ్ చుట్టి, కాలు కుర్చీ మీదకి ఎత్తించాను, అది ప్రథమ చికిత్స, ఎవరు చేసినా అనేవాడు లేడు. ఆయన అక్కడితో ఆగలేదు. రేపు రిలే ఉంది సార్, ఒక్క ఇంజెక్షన్ అన్నాడు. నా చెయ్యి బ్యాగు జిప్ మీదే ఉంది. ఆ పిల్ల నా మొహమే చూస్తోంది. మా జట్టు పిల్ల అయినా ఎక్స్‌రే తీయకుండా ఆ మడమకి సూది వేసేవాణ్ని కాదు, కానీ ఆ మాట ఆయనకి చెప్పినా తలకెక్కలేదు. జిప్ తీయకుండా మెడికల్ టెంట్‌కి కబురు పంపాను.

మర్నాడు కోచ్ నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ పిల్ల మాత్రం కుంటుకుంటూ వచ్చి, ఉతికి చుట్టచుట్టిన క్రేప్ బ్యాండేజ్ నా చేతిలో పెట్టి వెళ్లింది.