ఉప్పు కల్లుకి ఫోటో తీసిన రోజు

ల్యాబ్‌లో చేరిన మొదటి నెల. లైసోజైమ్ స్ఫటికాలు పెంచమన్నారు మా ప్రొఫెసర్ గారు. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఎంజైమే, అంటే ఒక ప్రొటీనే కదా, ఎవరికైనా వచ్చేస్తాయన్నారు. ఆ మాటతోనే నాకు టెన్షన్ మొదలైంది.

గాజు పలకకి వేలాడే చిన్న చుక్క, కింద గుంటలో ఉప్పు ద్రావణం, గాలి చొరబడకుండా అంచు చుట్టూ గ్రీజు. ఒక గుంటకి గ్రీజు సరిగ్గా అంటలేదని నేను చూసుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఆ గుంటనే మైక్రోస్కోప్‌లో చూస్తే తళతళలాడే చదరాలు! ఫోటో తీసి ఇంటికి కూడా పంపేశాను.

సార్ వచ్చి సన్నటి సూదితో ఒకదాన్ని నొక్కారు. చెక్కుచెదరలేదు. "ఇది ఉప్పు కల్లమ్మా, గ్రీజు అంటక చుక్క ఎండిపోయింది. ప్రొటీన్‌దైతే ఈపాటికి నలిగిపోయేది, దాని లోపల బోలెడు నీళ్లుంటాయి" అన్నారు. అసలువి పక్క గుంటలో బుద్ధిగా కూర్చున్నాయి. వాటి వంక నేను చూడనే లేదు.

సాయంత్రం కంప్యూటర్ మీద లైసోజైమ్ ఆకారం తిప్పి చూపించారు. ఎంజైముల్లో, ఇలాంటి స్ఫటికాల మీదకి ఎక్స్-రేలు పంపితే మొట్టమొదట నిర్మాణం తేలింది దీనిదేనట. 1965లో, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, డేవిడ్ ఫిలిప్స్ బృందం చేసిన పని. 129 అమైనో ఆమ్లాల గొలుసు, మధ్యలో ఒక లోయ. బ్యాక్టీరియా గోడలోని చక్కెర గొలుసు అందులో ఇమిడితే, 35వ చోట ఉన్న గ్లూటమిక్ ఆమ్లం, 52వ చోట ఉన్న ఆస్పార్టిక్ ఆమ్లం కలిసి దాన్ని తెంపేస్తాయి. ఆ 35వదాన్ని మారిస్తే పని దాదాపు ఆగిపోతుంది. 129లో ఒక్కటి!

అమ్మ మాత్రం ఆ ఉప్పు ఫోటోనే స్టేటస్‌లో పెట్టేసింది, "మా అమ్మాయి పరిశోధన" అని. తీసేయమని చెప్పలేకపోయాను.