పెర్సీల నీలి సింహం బంగారం మీద నిలవడం లేదు

కాగితం మీద బంగారు రేకు అంటించి వేస్తున్న డాలు బొమ్మలో నీలి సింహం రంగు మళ్లీ ఊడింది. ఈసారి తోక చివర, ఎడమ ముందు పంజా, జూలులో ఒక పాయ. మిగతా డాలంతా ధగధగలాడుతోంది, అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

ఇంగ్లండు ప్రభువులైన పెర్సీ వంశపు డాళ్ల (వంశచిహ్నాల) వరుసలో ఇది రెండోది. మొదటిది, నీలం మీద అడ్డంగా ఐదు కోల బంగారు వజ్రాకారాలున్న పాత పెర్సీ డాలు, సాఫీగా వచ్చేసింది.

ఈ సింహాన్ని వదలబుద్ధి కాకపోవడానికి కారణం ఉంది. నార్మండీ నుంచి వచ్చిన విలియం డి పెర్సీతో ఇంగ్లండులో ఈ ఇంటిపేరు మొదలైంది. తర్వాత మగ సంతానం లేక వారసత్వం ఆడపిల్లల పాలైంది. వాళ్లలో ఆగ్నెస్ పెళ్లాడిన లువేన్ జోస్లిన్ సామాన్యుడు కాడు, రాజు మొదటి హెన్రీకి బావమరిది. అయినా వాళ్ల సంతతి తల్లి ఇంటిపేరునే నిలబెట్టింది. మన దగ్గర దత్తత వెళ్లినవాడి ఇంటిపేరు మారినట్టే అనుకోండి. ఆ సంతతిలోని హెన్రీ పెర్సీయే వజ్రాలు తీసేసి సింహాన్ని పెట్టాడు. 1309లో డరమ్ బిషప్ దగ్గర ఆనిక్ కోట కొన్నదీ ఆయనే. 1300లో స్కాట్లండులో జరిగిన కార్లావరాక్ ముట్టడి గురించిన పద్యంలో ఆయన జెండా పసుపు, దాని మీద నీలి సింహం అని ఉంది. అది లువేన్ వాళ్ల సింహమే అని వంశంలో చెప్పుకున్నారు గానీ నాకు నమ్మకం లేదు. ఆ వైపు, అంటే లువేన్ వంశం ఏలిన బ్రబాంట్ సింహం, నలుపు మీద బంగారం. హెన్రీ భార్య ఆరండెల్ ఇంటి పిల్ల, వాళ్లది ఎరుపు మీద బంగారు సింహం. అత్తవారి సింహానికే రంగులు మార్చి ఉంటాడని నా ఊహ.

ఇక ఊడటం సంగతి. డాలు 120 మి.మీ. వెడల్పు, 145 ఎత్తు. కాగితం ఆర్చెస్ 300 జీఎస్ఎమ్ హాట్‌ప్రెస్. రేకు కింద వేసే సుద్దపూత జెస్సో, మందం సుమారు 0.5 మి.మీ., దాని మీద 23 క్యారెట్ల బంగారు రేకు, అగేట్ రాయితో రుద్ది మెరుగు. సింహానికి విన్సర్ అండ్ న్యూటన్ అల్ట్రామరీన్ నీలం గౌష్ (నీటితో కలిపే చిక్కటి రంగు), సిరీస్ 7 కుంచె (గోళ్లకు దీన్ని మించింది నేను చూడలేదు). తోక సన్నగా ఉన్నచోట 1.5 మి.మీ., గోళ్లు 0.6. ఇంగ్లిష్ పద్ధతిలో వేరే చెప్పకపోతే సింహానికి నాలుకా గోళ్లూ ఎరుపే, కాబట్టి అక్కడ రెండు రంగులు కలిసే అంచు కూడా ఉంది.

ఉత్త గౌష్ తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుపోయింది. తెల్లసొన గిలక్కొట్టి, రాత్రంతా ఉంచి, అడుగున తేరిన నీటిని పల్చగా రాశాక పట్టింది. రెండో పూత కూడా బాగా కూర్చుంది. ఆరాక తోక పొడవునా వెంట్రుకంత పగుళ్లు, ఆపైన పెచ్చులు.

పెచ్చు లేచినచోట భూతద్దం పెట్టి చూస్తే కింద బంగారం చెక్కుచెదరలేదు. అంటే పట్టు తప్పింది రంగుకీ రేకుకీ మధ్య. జూలు దగ్గర మాత్రం రేకు కూడా లేచి తెల్లటి జెస్సో బయటపడింది, అది వేరే జబ్బు.

పూత మందమా అనుకుని పల్చగా వేసి చూశాను. పగుళ్లు తగ్గాయి గానీ కింది బంగారం తొంగిచూసి నీలం ఆకుపచ్చగా కనిపించింది. తుమ్మబంక పెంచితే మెరిసింది, ఇంకా పెళుసైంది. ఇప్పుడు నా అనుమానం గాలిలో తేమ మీద. విశాఖలో ఈ నెల పొద్దున 82 శాతం, రాత్రి ఏసీ వేస్తే 55. జెస్సోలో చక్కెర ఉంటుంది కాబట్టి అది తేమ పీల్చి ఉబ్బుతుంది, ఏసీలో కుంచించుకుపోతుంది. పైన ఎండిన గౌష్ కదల్లేదు. దీనికి ఒక ఆధారం కూడా దొరికింది. జెస్సో లేకుండా గమ్ అమోనియాక్ అనే చెట్టుబంక మీద అంటించిన రేకు ముక్క మీద అదే రంగు, అదే పూత ఇప్పటికీ పగల్లేదు. కానీ ఆ బంగారానికి ఈ మెరుపు రాదు.

సింహం ఆకారం వదిలేసి చుట్టూ బంగారం పెట్టే దారీ చూశాను. గోళ్ల మధ్య సందు 0.8 మి.మీ., అగేట్ మొన 4. అంచులన్నీ చిరుగులు పడ్డాయి.

బంగారం బదులు పసుపు రంగు వేసినా డాళ్ల చిత్రణ నియమం ఒప్పుకుంటుంది. ట్యూబులో దొరికే బంగారు రంగు మాత్రం వద్దే వద్దు, బురదలా ఉంటుంది. ఈ డాలుకి నాకు అసలు రేకే కావాలి. ఆనిక్ వంతెన మీది సింహానికి తోక కర్రలా చాచి ఉంటుంది, దాన్ని వేయాల్సివస్తే ఇన్ని వంపుల బాధ ఉండేది కాదు.

తర్వాతి ప్రయత్నంలో జెస్సో 0.2 మి.మీ.కి తగ్గిస్తాను. నీలాన్ని గౌష్‌తో కాకుండా పొడి రంగులో పచ్చసొన కలిపి వేస్తాను, దానిలోని కొవ్వు కాస్త సాగుతుందని ఆశ. ఆరేదాకా కాగితాన్ని మూత ఉన్న డబ్బాలోనే ఉంచుతాను, ఏసీ గాలి తగలనివ్వను.

ఆ తర్వాత వంతు హ్యూ స్మిత్‌సన్‌ది. 1740లో పెర్సీల వారసురాలు ఎలిజబెత్ సీమోర్‌ను చేసుకుని, 1750లో పార్లమెంటు చట్టంతో పెర్సీ అయ్యాడు, 1766లో డ్యూక్ అయ్యాడు. పెళ్లి బయట పుట్టిన ఆయన కొడుకు జేమ్స్‌కు మాత్రం ఈ ఇంటిపేరు దక్కలేదు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సంస్థ ఆ జేమ్స్ డబ్బుతో పుట్టిందే. వరుసలో అతనికీ ఒక డాలు పెట్టి తీరతాను.

ఈలోగా చెయ్యి ఖాళీగా ఉండకుండా లూసీల డాలు మొదలుపెడుతున్నాను. నార్తంబర్లండ్ మొదటి ఎర్ల్ రెండో భార్య మాడ్ లూసీ, తన పుట్టింటి డాలును కూడా ధరించాలనే షరతుతోనే కాకర్‌మత్ ఆస్తిని పెర్సీలకు ఇచ్చింది. ఎరుపు మీద నిలువుగా మూడు వెండి పైక్ చేపలు. సముద్రపు గాలికి వెండి నల్లబడుతుంది కాబట్టి అల్యూమినియం రేకు వాడతాను. రేకు మీద వేయాల్సింది పొలుసుల గీతలే, అవి కూడా పచ్చసొన రంగుతోనే గీసి సింహం కంటే ముందే దాని పట్టు చూసేస్తాను.