ఒక్క టిక్కుతో తేలుతుందా?

"సార్, వీడు గుడ్డిగా కొట్టినాడేమో!" ఇందాక బైరాగిపట్టెడ ట్యూషన్‌లో మా కొత్త టీచరమ్మ ఒక పిల్లాడి జవాబు పత్రం చూపించింది. మూడో ప్రశ్నకు ‘బి’ దిద్ది, కొట్టేసి, పక్కనే మళ్లీ ‘బి’నే రాశాడు.

నాలుగు ఆప్షన్లుంటే గుడ్డిగా కొట్టినా 25 శాతం తగిలే వీలుంది. పాఠం వాడికి వచ్చి ఉండే అవకాశం సగమే అనుకుని మొదలుపెడదాం. ఒక జవాబు సరైతే, కొత్త ఆధారం దొరికినప్పుడల్లా మన అంచనాను సరిదిద్దే బేయస్ సూత్రం ప్రకారం ఆ అవకాశం 80 శాతానికి చేరుతుంది. అదే పాఠంలో రెండోదీ సరైతే దాదాపు 94. తెలిసినవాడు తప్పు రాయడనుకుంటేనే లెండి. తొందరలో తెలిసినవాళ్లూ తప్పు కొడతారు, అదీ లెక్కలోకి రావాలి.

ఒక్క మార్కుతో పిల్లాడి మీద ముద్ర వేసేయని ఈ లెక్కంటే నాకు ప్రాణం. రేపు వాడికి అదే పాఠంలోంచి ఇంకో రెండు ప్రశ్నలిస్తాం.