ఫ్యాషన్ ప్రశ్న అని వదిలేస్తే మలేరియా వచ్చి పడింది

పోయిన ఆదివారం మా చెల్లి అందరినీ కూర్చోబెట్టి క్విజ్ పెట్టింది. కాగితం మీద ఐదు గళ్లు గీసి సైన్స్, డబ్బు, సాహిత్యం, ఫ్యాషన్, సెలబ్రిటీలు అని రాసింది. ఫ్యాషన్ విషయంలో నాకు తెలిసింది ఉతికిన చొక్కా వేసుకోవడం వరకే, సరిగ్గా నా వంతుకి అదే తగిలింది. "బట్టల వ్యాపారంలో నిలదొక్కుకున్న తొలి కృత్రిమ రంగు, ఏ జబ్బుకి మందు చేయబోతే పుట్టింది?" అని అడిగింది. పాస్ అన్నాను. జవాబు మలేరియా అట. ఇది ఫ్యాషన్ ప్రశ్న ఎలా అవుతుందే, కెమిస్ట్రీ కదా అని కాసేపు గొడవ పెట్టుకున్నాను కానీ మార్కులు మాత్రం రాలేదు.

ఆ రాత్రి దీని గురించి చదువుతూ కూర్చున్నా. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కెమిస్ట్రీ విద్యార్థి, ఈస్టర్ సెలవుల్లో ఇంట్లోనే చిన్న ల్యాబ్ పెట్టుకుని బొగ్గు తారు నుంచి వచ్చే పదార్థాలతో మలేరియా మందు క్వినైన్ తయారు చేయాలని చూశాడు. వచ్చింది నల్లటి మడ్డి. మనమైతే పారబోసి చేతులు కడుక్కునేవాళ్లం. అతను సీసా కడుగుదామని ఆల్కహాల్ పోస్తే చక్కటి ఊదా రంగు తేలింది. అలాంటి రంగు కావాలంటే ఒకప్పుడు వేల కొద్దీ సముద్రపు నత్తల్ని చంపేవాళ్లు, అందుకే అది రాజులకే పరిమితం. పెర్కిన్ చదువు మానేసి ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ తర్వాత 1858లో విక్టోరియా రాణి తన కూతురి పెళ్లికి ఊదా గౌనులో కనబడేసరికి ఆ రంగు పిచ్చి ఇంకా ముదిరింది. 36 ఏళ్లకే ఫ్యాక్టరీ అమ్మేసి మళ్లీ పరిశోధనలో పడ్డాడు మహానుభావుడు. కథ అక్కడితో ఆగదు. ఈ కుటుంబంలోని రంగులతోనే శాస్త్రవేత్తలు కణాలకు రంగు పట్టించి, లోపల పోగుల్లాంటివి కనబడితే వాటికి క్రోమోజోమ్ అని పేరు పెట్టారు. అంటే గ్రీకులో రంగు శరీరం. ఇప్పుడు చెప్పండి, దీన్ని ఏ గడిలో రాయాలి?

డబ్బు గడిలో వచ్చిన ప్రశ్న న్యూటన్ మీద. ఆపిల్ కాదు, నాణేలు. అప్పట్లో ఇంగ్లండ్‌లో జనం వెండి నాణేల అంచుల్ని కత్తిరించి ఆ పొడి కరిగించి అమ్ముకునేవాళ్లు, నాణెం మాత్రం అదే విలువకి చెలామణి అయ్యేది. గీతల అంచు ఉంటే కత్తిరించిన సంగతి ఇట్టే తెలిసిపోతుంది. దాన్ని న్యూటనే కనిపెట్టాడని చాలామంది ధీమాగా చెప్తారు, అది తప్పు. ఆయన 1696లో టంకశాల ఉద్యోగంలో చేరేనాటికే అలాంటి నాణేలు ముప్పై ఏళ్లకు పైగా వస్తున్నాయి. ఆయన చేసింది ఇంకో పని: దొంగ నాణేలవాళ్ల వెంటపడి, సాక్ష్యాలు పోగేసి, విలియం చాలనర్ అనే ఘరానా మోసగాణ్ణి 1699లో ఉరికంబం ఎక్కించడం. గురుత్వాకర్షణ సిద్ధాంతం రాసిన చేత్తోనే కేసు ఫైళ్లు రాశాడంటే నాకు భలే సరదాగా అనిపించింది. ఇంత తెలివైనవాడూ 1720లో సౌత్ సీ అనే కంపెనీ షేర్లలో డబ్బు పోగొట్టుకున్నాడు, అది వేరే సంగతి.

సాహిత్యం దగ్గర బొక్కబోర్లా పడ్డాను. ఫ్రాంకెన్‌స్టైన్ అనే నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ ఎవరు అంటే "ఆ రాక్షసుడు" అని బజర్ నొక్కేశా. కాదు, వాణ్ణి తయారు చేసిన శాస్త్రవేత్త పేరు అది. రాక్షసుడికి అసలు పేరే లేదు. ఆ కథ పుట్టిన తీరూ విచిత్రమే. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ ప్రభావం ఆకాశానికి పట్టి, మరుసటి ఏడు యూరప్‌లో ఎండాకాలం అనేదే సరిగ్గా రాలేదు. జెనీవా దగ్గర వానకి ఇంట్లో ఇరుక్కుపోయిన స్నేహితుల బృందం, బోరు కొట్టి దయ్యం కథలు రాద్దాం అనుకుంటే అందులో 18 ఏళ్ల మేరీ షెల్లీ మొదలుపెట్టిన కథ ఇది. పోటీ పెట్టిన బైరన్ కవికి ఇంగ్లండ్‌లో వదిలేసి వచ్చిన పసిపాప ఒకతి ఉంది, ఆ పాపే అడా లవ్‌లేస్. 1843లో, ఇంకా తయారే కాని, కంప్యూటర్ లాంటి ఒక యంత్రం కోసం లెక్కల క్రమం రాసింది.

సెలబ్రిటీల గడికి వచ్చేసరికి జాగ్రత్తపడ్డాను. హెడీ లమార్ హాలీవుడ్ నటి అని తెలుసు, "వైఫై కనిపెట్టింది" అని ఫార్వర్డ్‌లు వస్తుంటాయని కూడా తెలుసు, ఆ మాట అతిశయోక్తే. నిజంగా జరిగింది అంతకంటే బాగుంటుంది. సంగీత దర్శకుడు జార్జ్ యాంథైల్‌తో కలిసి, టార్పెడోకి పంపే రేడియో సిగ్నల్‌ని శత్రువు చెడగొట్టకుండా ఫ్రీక్వెన్సీ నుంచి ఫ్రీక్వెన్సీకి గెంతించే పద్ధతికి 1942లో పేటెంట్ తీసుకుంది. పియానోకి ఎన్ని మెట్లో అన్ని, అంటే 88 ఫ్రీక్వెన్సీలు. దానంతటదే వాయించే పియానోలో తిరిగే చిల్లుల కాగితం చుట్టే ఇందులోనూ. అమెరికా నేవీ అప్పట్లో పట్టించుకోలేదు. ఇప్పుడు చెవిలో పెట్టుకునే బ్లూటూత్ మామూలుగా సెకనుకి 1600 సార్లు ఇలాంటి గెంతులే వేస్తుంది.

చివరి ప్రశ్నకి మళ్లీ నా వంతు, ఈసారి సైన్స్. "సూర్యుడి చుట్టూ ఉండే ధూళి మీద 1970లలో మొదలుపెట్టిన పీహెచ్‌డీని 2007లో పూర్తి చేసింది ఎవరు?" నాకు తెలిసిన ఖగోళ శాస్త్రవేత్తల పేర్లన్నీ వరసగా చెప్పాను. జవాబు బ్రయాన్ మే, క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్. చెల్లి నవ్వు ఆపుకోలేకపోయింది. వచ్చే ఆదివారం క్విజ్ నేను పెడుతున్నా, గళ్లు లేకుండా.