శనివారం గుర్రం పక్కన నడక

మా ఆయన లెక్కలో నేను ప్రతి శనివారం పొద్దున్నే వెళ్ళేది పేడ ఎత్తడానికి. అదీ నిజమే అనుకోండి. ఇంగ్లండులో మా ఊరి పక్కనే రైడింగ్ ఫర్ ది డిసేబుల్డ్ అసోసియేషన్ వాళ్ళ బృందం ఒకటుంది. 1969లో మొదలైన ఛారిటీ, వికలాంగులకు గుర్రపుస్వారీ నేర్పుతారు. ఒకరు గుర్రాన్ని నడిపిస్తారు, మాలాంటివాళ్ళం చెరోపక్కా నడుస్తాం.

నేను పట్టుకునే పిల్లాడికి ఎనిమిదేళ్ళు, కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. ర్యాంపు మీంచి జీను మీద కూర్చోబెట్టాక మొదటి రెండు చుట్లూ నా చెయ్యి వాడి మోకాలి మీదే. గుర్రం అడుగేస్తుంటే పైన కూర్చున్నవాళ్ళ నడుము, మనం నడిచేటప్పటిలాగే కదులుతుంది. మూడో చుట్టుకి ఆ కాలు మెల్లగా వదులవడం నా అరచేతికి తెలుస్తుంది. అప్పుడు "వాక్ ఆన్!" అని అరుస్తాడు, అప్పటికే నడుస్తున్న గుర్రాన్ని.

టీ తాగుతూ అక్కడి పెద్దావిడ లిస్ హార్టెల్ గురించి చెప్పారు. పోలియోతో మోకాళ్ళ కింద చచ్చుబడినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్‌లో, అంటే గుర్రం చేత పద్ధతి ప్రకారం అడుగులు వేయించే పోటీలో, రజతం గెలిచిన డెన్మార్క్ ఆవిడ. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఒకరు సాయం పట్టాల్సిందేనట.

నాకైతే స్వారీ రాదు. మొదటిరోజు క్యారెట్ వేళ్ళతో పట్టుకుని పెట్టబోతే కేకలేశారు, అరచెయ్యి చాపి పెట్టాలని. ఇప్పుడు కొత్తవాళ్ళ మీద ఆ కేకలు నేనే వేస్తున్నాను.