శాన్ బ్లాస్ నుంచి కార్తహేనా దాకా, నీళ్ల లెక్కతో

పనామా నుంచి కొలంబియాకి బస్సు లేదు. దారియెన్ అడవిలో దాదాపు 100 కిలోమీటర్ల మేర రోడ్డే వెయ్యలేదు. విమానమైతే గంటంబావు. నేను కొలంబియా తీరంలోని కార్తహేనాకి తెరచాప పడవలో ఐదు రోజుల ప్రయాణానికి 575 డాలర్లు కట్టాను. విమానం టికెట్ అందులో సగం కూడా లేదు, అది తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

పడవ ఎక్కగానే కెప్టెన్ మమ్మల్ని వంటగది దగ్గరికి పిలిచి నీళ్ల లెక్క చెప్పాడు. రెండు ట్యాంకులూ కలిపి 400 లీటర్లు, మేం తొమ్మిది మందిమి. అంటే తాగడానికి, వంటకి, కడగడానికి అన్నీ కలిపి మనిషికి రోజుకి తొమ్మిది లీటర్లు కూడా రావు. సింకు కింద రెండు పెడళ్లు. ఎడమది తొక్కితే సముద్రపు నీళ్లు, కుడిది తొక్కితే ట్యాంకు నీళ్లు. గిన్నెలన్నీ ఎడమదానితోనే తోమి, చివర్లో ఒక్క గ్లాసు మంచినీళ్లతో తొలిపెయ్యాలి. స్నానమంటే సముద్రంలో దూకడం, పైకొచ్చాక ఒంటి మీద పోసుకోడానికి లీటరు సీసా.

మిగతావాళ్లు ముఖాలు చూసుకున్నారు. నాకు మాత్రం కనిగిరిలో మా వంటిల్లు కళ్లముందు కదిలింది. మాకూ అంతే, బోరు నీళ్లు ఉప్పునీళ్లు, పైగా ఫ్లోరైడు, అంట్లకీ బట్టలకీ తప్ప పనికొచ్చేవి కావు. మంచినీళ్లు కొనుక్కునేవాళ్లం. ఆ బిందెలో గ్లాసు ముంచి సగం తాగి సగం పారబోస్తే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది.

మొదటి మూడు రోజులూ పనామా తీరంలోని శాన్ బ్లాస్ దీవుల మధ్యే తిరిగాం. ఇది గునా జాతి వాళ్ల సొంత ప్రాంతం. 1925లో తిరగబడి తమ పాలన తాము సంపాదించుకున్నారు. ఇక్కడ ప్రతి కొబ్బరిచెట్టుకీ ఎవరో ఒకరు హక్కుదారు ఉంటారు, రాలిన కాయ కూడా ముట్టుకోకూడదు. దీవిలో కాలు పెట్టినందుకు మళ్లీ మూడు డాలర్లు అడిగితే చిరాకేసింది. అయితే ఈ దీవులు నీళ్లకి అడుగో రెండడుగులో ఎత్తున ఉన్నాయంతే. సముద్రం పెరుగుతోందని 2024లో గార్దీ సుగ్దుబ్ దీవి నుంచి దాదాపు 300 కుటుంబాలని ఒడ్డు మీద కట్టిన ఊరికి తరలించారని తెలిశాక ఆ మూడు డాలర్ల మాట మళ్లీ ఎత్తలేదు.

మూడోరోజు సాయంత్రం ఒక పెద్దాయన ఒకే మానుని తొలిచి చేసిన దోనెలో మా పడవ పక్కకి వచ్చాడు. అరచెయ్యంత తెడ్డు, మోకాళ్ల దగ్గర రెండు ఖాళీ ప్లాస్టిక్ క్యాన్లు. అడిగింది నీళ్లు. కెప్టెన్ మారుమాట లేకుండా రెండూ నింపి ఇచ్చేశాడు, పది లీటర్లు! నాకు కోపమొచ్చింది. ఉప్పు పేరుకుని మెడ వెనక మండిపోతోంది, మాకు సీసా కొలిచి ఇస్తూ ఇదేంటని అడిగేశాను. వాళ్లు మంచినీళ్లకి తీరంలో ఉన్న నది దాకా తెడ్డు వేసుకుంటూ పోవాలి, ఈ గాలిలో సగం రోజు పడుతుందన్నాడు. ఆలోపే పెద్దాయన దోనెలోంచి నాలుగు లేత బొండాలు తీసి ఒక్కొక్కటే మా చేతికందించాడు, చివరిది నాకు. రాలిన కాయ కూడా ముట్టనివ్వని చోట.

ఆ తర్వాత ముప్పై ఆరు గంటలు భూమి లేదు. అటు వెళ్లేటప్పుడు ఈశాన్యపు గాలి ఎదురు, పడవ ఒక పక్కకి ఒరిగి ప్రతి అలకీ దబ్బున పడుతుంది. ఏం తిన్నా కడుపులో నిలవలేదు. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా చుక్కాని దగ్గర నా కాపలా. ఒక అల నెత్తి మీంచి పోయి ఉప్పుకి కళ్లు తెరవలేకపోతే కెప్టెన్ లోపలికి వెళ్లి మగ్గులో వేలెడు మంచినీళ్లు తెచ్చి కడుక్కోమన్నాడు. కడుక్కోగా మిగిలిన గుక్కెడూ తాగేశాను.

కార్తహేనాలో దిగి అమ్మకి ఫోన్ చేసి అన్నీ చెప్పాను, అలలు, వాంతులు, దోనెలో పెద్దాయన. అంతా విని అమ్మ ఒక్కటే అడిగింది.

"ఆయనకి ఇచ్చినవి మంచినీళ్లేగా నాయనా?"