ఆ తరువాత ఏం జరిగింది?

బిజినెస్ స్కూల్‌లో ఈ రోజు ఉదయం 9 గంటల తరగతికి, పదకొండేళ్ల కిందట నేనే రాసిన కేసు ఒకటి, అంటే విద్యార్థులు చర్చించడానికి రాసిన నిజమైన వ్యాపార సందర్భం ఒకటి, తీసుకొని వెళ్లాను. యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న సంస్థ కథ అది. పెద్ద కొనుగోలుదారు ఒకరు ఆ సంస్థ యజమాని దగ్గరకు వచ్చి, ఇప్పుడు చేస్తున్న ఉత్పత్తికి రెట్టింపు ఆర్డరు ఇస్తామని, డబ్బు మాత్రం సరుకు అందిన 90 రోజులకు చెల్లిస్తామని అంటారు. ముడిసరుకు ఇచ్చేవారికి ఆ యజమాని 30 రోజుల్లో చెల్లించాలి, జీతాలు నెలనెలా ఇవ్వాలి, మరునాటి సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. కేసు అక్కడితో ఆగిపోతుంది.

మొదటి ఇరవై నిమిషాలు చర్చ అంతా లాభనష్టాల పట్టిక చుట్టూనే తిరిగింది. అమ్మకాలు రెట్టింపవుతాయి, లాభమూ పెరుగుతుంది, ఇక ఆలోచించడానికి ఏముందని దాదాపు అందరూ ఆర్డరు తీసుకోమనే చెప్పారు. అప్పుడు వెనుక వరుసలో కూర్చొనే ఒక అమ్మాయి, ఈ సెమిస్టరులో ఇంతవరకు నోరు విప్పని అమ్మాయి, చెయ్యి ఎత్తింది. "లాభం ఈ నెలే లెక్కలో కనిపిస్తుంది సార్, డబ్బు మూడు నెలల తరువాత వస్తుంది. ఈ మధ్యలో జీతాలు ఎక్కడినుంచి ఇస్తారు?" అని అడిగింది. తరగతి నిశ్శబ్దమైపోయింది. నేనూ ఏమీ మాట్లాడలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అయితే వెంటనే అందుకొని, బోర్డు మీద లెక్క వేసి, ఆ ప్రశ్నను నా సొంతం చేసుకొనేవాణ్ణి. ప్రశ్న వేసిన తరువాత ఊరుకోవడమనేది నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన విద్య.

కాసేపటికి వాళ్లే లెక్క మొదలుపెట్టారు. 100కు అమ్మే సరుకు మీద 80 ఖర్చవుతుందనుకుంటే, ఆ 80 దాదాపు నెలరోజుల్లోనే చేతినుంచి వెళ్లిపోతుంది, 100 తిరిగి రావడానికి మూడు నెలలు పడుతుంది. మధ్యనున్న రెండు నెలలూ ప్రతి ఆర్డరుకూ సొంత రొక్కమో అప్పో పెట్టాలి. అమ్మకాలు ఎంత వేగంగా పెరిగితే ఆ లోటు అంతగా పెరుగుతుంది. లాభాల్లో ఉన్న సంస్థ చేతిలో రొక్కం లేక మూతపడగలదన్న సంగతిని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో చెప్పగలదు. కానీ దాన్ని తామే కనిపెట్టుకున్నప్పుడు ఆ ముఖాల్లో వచ్చే మార్పు కోసమే నేను ఇన్నేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నానని నిజంగా అనిపిస్తుంది.

చివరి అయిదు నిమిషాల్లో, ఎప్పటిలాగే, "ఆ తరువాత ఏం జరిగింది సార్?" అని అడిగారు. ఇదివరకైతే ప్రతిసారీ చెప్పేసేవాణ్ణి. ఆయన ఆర్డరు తీసుకున్నాడు, సంస్థ నిలబడింది. కానీ అది నిలబడింది రెండో నెలలో ఆ కొనుగోలుదారు తన సొంత కారణాలతో చెల్లింపు గడువును 30 రోజులకు తగ్గించడం వల్ల. ఆ సంగతి నిర్ణయం తీసుకొన్న సాయంత్రం ఆయనకు తెలిసే అవకాశమే లేదు. అయినా నేను ముగింపు చెప్పిన ప్రతిసారీ, తీసుకోమన్నవారు తాము గెలిచామని, వద్దన్నవారు ఓడామని అనుకొని బయటకు వెళ్లేవారు. గంటసేపు ఆలోచించిందంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయేది. ఈ రోజు చెప్పలేదు. కొందరు కొంచెం నొచ్చుకున్నారు కూడా.

మధ్యాహ్నం దీని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇలా కేసులు చర్చిస్తూ నేర్పే కేసు పద్ధతి మొదట న్యాయశాస్త్రానిది. 1870లో అమెరికాలోని హార్వర్డ్ లా స్కూల్‌లో లాంగ్‌డెల్ అనే ఆచార్యుడు దాన్ని ప్రవేశపెట్టాడు. 1908లో మొదలైన హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు 1919లో డీన్‌గా వచ్చిన వాలెస్ డోనమ్ న్యాయశాస్త్రం చదివినవాడు కాబట్టి, ఆ పద్ధతిని వ్యాపార విద్యలోకి బలంగా తీసుకువచ్చాడు. అక్కడ రాసిన తొలి కేసు 1921 నాటిది, ఒక చెప్పుల కంపెనీ గురించి. కానీ న్యాయస్థానపు కేసుకు చివర తీర్పు ఉంటుంది, ఆ తీర్పును తప్పుపట్టడానికి కూడా వెనుక సూత్రం ఉంటుంది. వ్యాపారపు కేసుకు తీర్పు ఉండదు. ఫలితం మాత్రమే ఉంటుంది, ఆ ఫలితంలో అదృష్టం ఎంతో, వివేకం ఎంతో విడదీసి చూపడం చాలా కష్టం.

నాకు ఇదంతా ఎవరూ నేర్పలేదు. పీహెచ్‌డీలో గణాంకశాస్త్రం నేర్పారు, సిద్ధాంతాలు నేర్పారు, పరిశోధన పత్రం రాయడం నేర్పారు, తరగతి గదిలో ఎలా నిలబడాలో మాత్రం చెప్పలేదు. దానికి కారణం ఉంది. 1959లో ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ అనే దాతృత్వ సంస్థల డబ్బుతో వెలువడిన రెండు నివేదికలు అమెరికా బిజినెస్ స్కూళ్లలో చదువు మరీ పలుచగా ఉందని, పరిశోధన బలహీనంగా ఉందని గట్టిగా విమర్శించాయి. ఆ తరువాత వచ్చిన మార్పు క్రమంగా ఎన్నో దేశాలకు పాకింది. అధ్యాపకుల నియామకమూ పదోన్నతీ ప్రచురణల మీద ఆధారపడటం మొదలైంది. ఆ మార్పు అనవసరమని నేను అనను. ఆధారం లేని అనుభవ కథలు చెప్పి పంపించే చదువు కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. కానీ నా మొదటి పత్రం అచ్చులోకి రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ పాఠం తయారుచేసుకోవడానికి కూర్చున్న ప్రతి రాత్రీ, ఈ సమయం పత్రానికి ఇవ్వవలసింది కదా అన్న బాధ ఉండేది. ఆ బాధ ఏ యువ అధ్యాపకుడికీ ఉండకూడదని ఇప్పటికీ కోరుకుంటాను.

సాయంత్రం నాలుగింటికి ఆ వెనుక వరుస అమ్మాయి గదికి వచ్చింది. "సార్, నాకొక్కదానికైనా చెప్పండి" అంది. ముందు నీ నిర్ణయం కాగితం మీద రాయమ్మా, ఎందుకు తీసుకున్నావో కూడా రాయి అన్నాను. పావుగంట కూర్చొని రాసింది. సగం ఆర్డరే తీసుకుంటానని, 45 రోజుల గడువు అడుగుతానని, ఒప్పుకోకపోతే వదులుకుంటానని ఆ కాగితం సారాంశం. అప్పుడు జరిగింది చెప్పాను. కాగితాన్ని మళ్లీ ఒకసారి మొదటినుంచి చదువుకొని, "అయినా నేను ఇదే చేస్తాను సార్" అంది. నువ్వు చేసింది ఒప్పేనని నేను అనలేదు, అనవలసిన అవసరమూ కనబడలేదు.

ఆమె వెళ్లాక, ఈ కేసును తరగతిలో ఎలా నడపాలో రాసుకున్న టీచింగ్ నోటు తీసి, చివరి అయిదు నిమిషాలకు రాసిన పేరా కొట్టేశాను. ఆ స్థానంలో, ముగింపు వినాలనుకొనేవారు ముందుగా తమ నిర్ణయాన్ని రాసి ఇవ్వాలని చేర్చాను. తరువాత కేసు మొదటి చిత్తుప్రతి కూడా తీశాను. ఆర్డరు వచ్చిన రాత్రి తాను నిద్రపోలేదని, తెల్లవారుజామున ఫ్యాక్టరీకి వెళ్లి జీతాల పుస్తకం ముందేసుకొని కూర్చున్నానని ఆ యజమాని నాకు చెప్పిన రెండు వాక్యాలు అందులో ఉన్నాయి. కేసు తరగతికి రావాలంటే సంస్థ అనుమతి పత్రం మీద సంతకం చేయాలి. సంతకం చేసేటప్పుడు ఆయన ఆ రెండు వాక్యాలూ తీసేయమన్నాడు, నేనూ ఎదురు చెప్పకుండా తీసేశాను. ఈ రోజు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. వాటిని తిరిగి చేర్చడానికి అనుమతి ఇవ్వగలరా అని అడుగుతూ ఆయనకు ఇప్పుడే ఉత్తరం రాశాను. జవాబు వచ్చేవరకు తరగతిలో పాత ప్రతే వాడాలి.